పాడిన ప్రతి నోటికీ

డెబ్బై నాలుగేళ్ల మనిషి ఒక పాటకు భయపడి ఇంట్లో దాక్కున్నాడంటే ఎవరైనా నవ్వుతారు. ఇంకెవరి గురించైనా ఈ మాట వింటే బాలసుందరం కూడా కడుపు పట్టుకుని నవ్వేవాడే. తన దాకా వచ్చింది కాబట్టి నోరు మూసుకుని కూర్చున్నాడు.

సంగతి ఒక ఆదివారం మధ్యాహ్నం మొదలైంది. కోయంబత్తూరులో, పీళమేడులోని వాళ్ల ఫ్లాటులో, భోజనాలయ్యాక మనవరాలు చారులత తన కొత్త ఆల్బం అందరికీ వినిపించింది. దాని పేరు 'దప్పి'. తొమ్మిది పాటలు. ఆ పిల్ల రెండేళ్లపాటు గిటారు భుజాన వేసుకుని సూలూరు మిల్లు హాస్టళ్లూ, మరమగ్గాల షెడ్లూ, రంగునీళ్లు పారే ఏటి ఒడ్డూ తిరిగి చేసిన పాటలు. రెండు షిఫ్టులు చేసే ఆడపిల్లల మీద ఒకటి, మగ్గాల చప్పుడుకు చెవుడొచ్చిన ముసలాయన మీద ఒకటి, చచ్చిపోయిన ఏటి మీద ఒకటి. అన్నీ వాళ్లు ఇంట్లో మాట్లాడుకునే తెలుగులోనే. ఆ తెలుగు వందల ఏళ్ల కింద ఈ వైపుకు వచ్చి ఇక్కడే ఉండిపోయింది. దాన్ని మాట్లాడటమే తప్ప చదవడం ఇంట్లో ఎవరికీ రాదు. పాటల పుస్తకం కూడా తమిళ అక్షరాల్లోనే అచ్చువేయించింది.

చారులత తండ్రి ప్రభాకరన్ పంపుల ఫౌండ్రీ నడిపే మనిషి. ఇంత ఏడుపు ఎవరు వింటారని అడిగాడు. అది ఏడుపు కాదు, బ్లూస్ అంది కూతురు. సముద్రానికి అవతల, పత్తి చేలలో నడుములు విరిగినవాళ్ల నోట పుట్టిన పాట అది. మనవాళ్లూ పత్తి ఏరినవాళ్లే కదా, ఆ గొంతుకీ ఈ గొంతుకీ ఎక్కడో చుట్టరికం ఉందని వాదించింది. అక్కడ బాలసుందరం కుర్చీలో కొంచెం కదిలాడు. తమవాళ్లు ఏరినవాళ్లు కారు, ఏరించినవాళ్లు. ఆ తేడా ఆ గదిలో ఆయనొక్కడికే తెలుసు. తెలిసినా ఊరుకున్నాడు.

ఐదో పాట వాయిద్యం లేకుండా మొదలైంది. ఒక ముసలావిడ గొంతు. వయసుకు కొంచెం వణికినా శ్రుతి మాత్రం తప్పలేదు.

'వేపబావి చిన్నయ్యా, తాళం తియ్యవయ్యా,
పద్దెనిమిది గొంతుకలు ఎండిపాయెనయ్యా.'

ఆయనకు మాట కన్నా ముందు గొంతు తెలిసింది. తర్వాత గిటారు అందుకుంది, దాని వెనక ఉరుమి డోలు మెల్లగా మూలిగింది, చారులత లోగొంతుతో అదే చరణాన్ని లాగి లాగి పాడింది. ఆ వెనక పదిమంది ఆడవాళ్లు కలిసి అదే పేరు పిలిచారు. కోడలు తొడమీద తాళం వేసింది. ప్రభాకరన్ కూడా తల ఊపాడు. బాలసుందరం కాసేపు పడుకుంటానని లేచి లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాడు. ముసలాయనకు ఊరు గుర్తొచ్చి మనసు కరిగిందని అందరూ అనుకున్నారు. కరగడమా, పాడా! ఆయన తలుపుకు గడియ కూడా పెట్టుకున్నాడు.

వేపబావి చిన్నయ్య ఇంకెవరో కాదు. ఆయనే.

వాళ్ల సొంత ఊరు మదురైకి దక్షిణంగా, నల్లరేగడి నేలలో ఉంది. చేనులో వేపచెట్టు కింద బావి ఉండేది కాబట్టి అది వేపబావి. పెద్దాయన కొడుకు కాబట్టి ఈయన చిన్నయ్య. ఆ వైపు పత్తి ఏరే ఆడవాళ్లకు అప్పట్లో ఒక వాడుక ఉండేది. పగలు ఎవరైనా తమకు అన్యాయం చేస్తే, సాయంత్రం వరసలో పాడే పాటలో ఆ మనిషి పేరు కట్టేవాళ్లు. పేరు కట్టించుకున్నవాడు దీపాలు పెట్టే వేళలోపు చేని గట్టు మీదికి రావాలి. చెప్పులు విడిచి నిలబడాలి. పాటలో తన పేరు వచ్చినప్పుడు 'ఉండాను' అని పలకాలి. పాడిన ప్రతి నోటికీ తన చేత్తో ఒక బెల్లం ముక్క ఇవ్వాలి. ముందుపాట పాడే ఆమె అందరికన్నా చివర తన ముక్క నోట్లో వేసుకుని, పేరు దింపే చరణం పాడుతుంది. అంతటితో సరి. ఇక ఎవరూ ఆ పేరు ఎత్తకూడదు.

బాలసుందరం నాయన అంతటి మోతుబరి కూడా ఒకసారి కూలీల మజ్జిగలో నీళ్లు ఎక్కువ పోయించి పేరు కట్టించుకున్నాడు. ఆ సాయంత్రమే గట్టు మీద నిలబడి 'ఉండాను' అని పలికాడు. ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. ఆయనా నవ్వుకుంటూ ఇంటికి వచ్చి సుబ్బరంగా అన్నం తిన్నాడు.

కొడుకు మాత్రం వెళ్లలేదు.

అది నలభై రెండేళ్ల కిందటి మాట. వానలు మొహం చాటేసిన ఏడు. కూలీల వీధిలో ఎవరో చనిపోతే ఆడవాళ్లు పనికి పొద్దెక్కి వచ్చారు. బాలసుందరానికి అప్పుడు ముప్పై రెండు, కోపం ముక్కుమీదే ఉండేది. పనికి ఆలస్యంగా వచ్చినవాళ్లకు నీళ్లు మాత్రం వేళకు కావాలా అని పంపుషెడ్డుకు తాళం వేసి, తాళంచెవి నడుముకు దోపుకుని, ఏదో పని కల్పించుకుని టౌనుకు పోయాడు. చుట్టుపక్కల నీళ్లున్న బావి అదొక్కటే. వీధిలోని బావి ఎండి రెండు నెలలైంది. మధ్యాహ్నానికి ముందుపాట పాంచాలి, అప్పటికి ఇరవై ఎనిమిదేళ్లది, కుండ తీసుకుని దూరంగా ఉన్న రాతిగుంతకు వెళ్లింది. అందులో నీళ్లకు దిగుతుంటే రాయి జారి పడింది. తుంటి విరిగింది. తోటివాళ్లు ఆమెను నులకమంచం మీద మోసుకొచ్చి, బండి వచ్చేదాకా ఆ చేని పక్కనే దించారు. ఆ మంచం మీద పడుకునే పాంచాలి ఆయన పేరు కట్టింది. మిగతా పదిహేడు మందీ అందుకున్నారు.

టౌను నుంచి వచ్చిన బాలసుందరానికి ఇంటి వాకిట్లోకే ఆ పాట వినిపించింది. లోపలికి వెళ్లి బెల్లం కొట్టి తుండుగుడ్డలో మూట కట్టాడు కూడా. గడప దాటలేకపోయాడు. పద్దెనిమిది మంది ఆడవాళ్ల ముందు చెప్పులు విడిచి నిలబడటానికి సిగ్గేసింది. రేపు పోదాంలే అనుకున్నాడు. రేపటికి పాంచాలిని మదురై ఆసుపత్రికి తీసుకుపోయారు. ఆ పై ఏడు ఆయన పత్తి వెయ్యలేదు. మరుసటి ఏడు చేను అమ్మి, మామగారి ఫౌండ్రీలో పనికి కోయంబత్తూరు వచ్చేశాడు. ఆ రేపు మాత్రం రానే లేదు.

ఇంట్లో వినిపించిన పాట ఇంట్లోనే ఉండిపోతే ఆయన ఎలాగో సర్దుకునేవాడు. అది వీధిన పడింది. మిగతా పాటలు వినేవాళ్లు విన్నారు గానీ, ఐదోది మాత్రం అందరి నోటికీ ఎక్కింది. మిల్లు ఆడపిల్లలను షిఫ్టుకు తీసుకుపోయే వ్యాన్లలో మోగింది. ప్రభాకరన్ ఫౌండ్రీలో మంచినీళ్ల కొళాయి చెడిపోతే కూలీలు ఆయన్ను చూడగానే 'తాళం తియ్యవయ్యా' అని ఎత్తుకున్నారు. ఆయన ఆ పూటే కొళాయి బాగుచేయించి, రాత్రి భోజనాల దగ్గర అదొక వేడుకలా చెప్పి నవ్వాడు. ఫ్లాట్ల సంఘం సెక్రటరీ డాబాకు తాళం వేసినందుకు, వడియాలు ఎండబెట్టుకునే ఆడవాళ్లు ఆయన తలుపు ముందు నిలబడి కోరస్ పాడారు. ఊళ్లో తాళం వేసిన ప్రతివాడూ చిన్నయ్య అయ్యాడు. అసలు చిన్నయ్య ఐదో అంతస్తులో బీపీ మాత్ర మింగి, కిటికీలు మూయించుకుని, కూర్చోలేక నిలబడలేక హాల్లో అటూ ఇటూ తిరిగాడు.

పొద్దున నడక మానేశాడు. గుడికి పోవడం మానేశాడు. కారెక్కితే డ్రైవరు తంగవేలు ఆ పాటే పెట్టేవాడు. పెట్టకపోతే తానే పాడేవాడు. ఆపమని చెప్పడానికి బాలసుందరానికి నోరు రాలేదు. ఎందుకు ఆపాలి అని వాడు అడిగితే ఏం చెప్తాడు?

మూడో వారం ఇక పట్టలేక చారులత గదికి వెళ్లాడు. గిటారు తీగలు మార్చుకుంటున్న పిల్ల పక్కన మంచం అంచున కూర్చుని, ఎండల గురించి, పరీక్షల గురించి, ఆ పిల్ల ఎప్పుడో ముగించిన చదువు గురించి మాట్లాడి మాట్లాడి చివరికి అసలు సంగతికి వచ్చాడు.

"ఆ ఐదో పాట్టులో పేరు తీసేస్తే బాగుంటాది కన్నూ."

"పేరు తీస్తే పాట్టే లేదు తాతా. ఇచ్చిన అవ్వ ఒక్కటే చెప్పింది. ఏమన్నా మార్చుకో, పేరు మాత్రం మార్చొద్దు అనె."

ఎవరా అవ్వ అని అడిగినప్పుడు తన గొంతు తనకే వేరేగా వినిపించింది. పాంచాలి అవ్వ అని చెప్పింది చారులత. సూలూరులో ఉంటుంది, పదిహేనేళ్ల కింద కూతురితో వచ్చేసింది, ఇప్పుడు మనవరాలు సరణ్య స్పిన్నింగ్ మిల్లులో పనిచేసి చూసుకుంటుంది. వచ్చే ఆదివారం సాయంత్రం సూలూరు కల్యాణమండపంలో మిల్లు ఆడపిల్లల కోసం కచ్చేరి పెట్టాను, అవ్వ కూడా వస్తుంది, నువ్వూ రా తాతా అంది. బాలసుందరం ఇన్నేళ్లూ పాంచాలి పోయి ఉంటుందనే అనుకున్నాడు. అలా అనుకోవడం ఆయనకు సుఖంగా ఉండేది. ఆమె ఇరవై కిలోమీటర్ల దూరంలో పదిహేనేళ్లుగా ఉంది.

మర్నాడు పొద్దున్నే ఉక్కడం బజారుకు వెళ్లి పద్దెనిమిది బెల్లం అచ్చులు కొన్నాడు. ఎక్కడికని అడిగిన కోడలికి సూలూరులో స్నేహితుడికి ఒంట్లో బాగాలేదని అబద్ధం చెప్పాడు. దారి పొడుగునా తంగవేలు చిన్నయ్యను తాళం తియ్యమని బతిమాలుతూనే ఉన్నాడు.

వీధి మలుపులో కారు ఆపించి, మూట చంకన పెట్టుకుని ఒక్కడే నడిచాడు. చారులత దగ్గర మాటల్లో రాబట్టిన గుర్తు ప్రకారం వరస ఇళ్లలో మూడోది. వాకిట్లో రేకుల నీడన మంచం మీద పాంచాలి కూర్చుని మునగాకు దూస్తోంది. పక్కన నాలుగు కాళ్ల ఊతకర్ర ఉంది. తల ఎత్తి చూసింది. ఆశ్చర్యపోలేదు. ఆయన ఆశ్చర్యపోతుందనుకున్నాడు, తిడుతుందనుకున్నాడు, గుర్తుపట్టదేమో అని కూడా ఆశపడ్డాడు.

"రండి చిన్నయ్యా," అంది. "చెప్పులు ఆడనే విడవండి."

విడిచాడు. నేల కాలుతోంది. కూర్చోమని ఆమె అనలేదు, ఆయన అడగలేదు. దారిలో అనుకుని వచ్చిన మాటలన్నీ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. కోయంబత్తూరులో పెద్ద డాక్టరు తెలుసన్నాడు, తుంటికి ఇప్పుడు కొత్త ఆపరేషన్లు ఉన్నాయన్నాడు, సరణ్యకు ఫౌండ్రీ ఆఫీసులో కూర్చుని చేసే పని చూపిస్తానన్నాడు. పాంచాలి మునగాకు దూస్తూ అంతా విని, కాలి సంగతి కాలితోనే పోయిందని, దాని కోసం వచ్చి ఉంటే ఎండలో నిలబడనక్కరలేదని చెప్పింది. అప్పుడు ఆయన మూట విప్పి ముందు పెట్టాడు. పద్దెనిమిదీ ఉన్నాయన్నాడు.

ఆ అచ్చులను చూసి ఆమె నవ్వింది. పళ్లు సగం లేని ఆ నవ్వులో కోపం కనిపిస్తే ఆయనకు కొంచెం హాయిగా ఉండేది. కోపం లేదు. పద్దెనిమిది మందిలో పదకొండు మంది పోయారని పేరుపేరునా చెప్పింది. ఒకామె ఏటేటా పత్తి కాలంలో అడిగేదట, చిన్నయ్య ఇంకా రాలేదా అని.

"అయినా పద్దెనిమిది ఏమి చాలు? పాడిన ప్రతి నోటికీ అని గదా మాట. ఇప్పుడు ఎన్ని నోళ్లు పాడుతుండాయో మీకు తెలవదా?"

వ్యాన్లూ, ఫౌండ్రీ, వడియాల ఆడవాళ్లూ, తంగవేలూ, అన్నీ ఒక్కసారే బాలసుందరం కళ్ల ముందుకు వచ్చాయి. చారులత ఎవరో తెలిసే పాట ఇచ్చావా అని అడిగాడు.

"వాకిట్లోకి వచ్చినప్పుడే తెలిసె. మీ అమ్మ నడక గదా ఆ పాపది. ఎవురికీ చెప్పలేదు నేను, ఆ పాపకీ చెప్పలేదు. నేను నడిచి మీ ఇంటికి రాలేను. పాట్టు వస్తాదని పాడి ఇస్తిని."

పక్కింట్లో మిక్సీ తిరిగి ఆగింది. ఎండకు కాళ్లు మార్చి మార్చి నిలబడ్డాడు. నలభై రెండేళ్లుగా ఈమె తనను మరిచిపోయి ఉంటుందని ఎలా అనుకున్నాడో ఆయనకే అంతుపట్టలేదు. చిన్నప్పటి నుంచీ పేరుతోనే పిలిచిన మనిషిని మొదటిసారి ఇంకో మాట చేర్చి పిలిచాడు.

"ఫోనుల్లో పాడేవాండ్లకంతా ఎట్ల ఇచ్చేది పాంచాలమ్మా?"

"ఎదురు వచ్చినోళ్లకి ఇయ్యండి. నేనే ఆ చిన్నయ్యనని చెప్పి ఇయ్యండి, ఊరికే ఇయ్యొద్దు. ప్రాణం ఉన్నన్నాళ్లు ఇస్తా ఉండండి. నాది చివర తింటాను."

కారు దగ్గరికి వచ్చేసరికి తంగవేలు తలుపు తెరిచి పాడుతున్నాడు. బాలసుందరం ముందు సీట్లో వాడి పక్కన కూర్చున్నాడు. ఎన్నడూ అలా కూర్చోలేదు. ఒక అచ్చు విరిచి ముక్క వాడి చేతిలో పెట్టాడు. ఆ పాటలో చిన్నయ్య నేనేరా, తాళం వేసింది నేనే అని చెప్పాడు. చెప్పడానికి ఇంతే పట్టింది. తంగవేలు ముక్కనూ ఆయన్నూ మార్చి మార్చి చూసి, దాన్ని నోట్లో వేసుకుని బండి కదిలించాడు. పీళమేడు దాకా వాడు మళ్లీ పాడలేదు. ఆ నిశ్శబ్దం బాలసుందరానికి పాటకన్నా కష్టంగా ఉంది, అయినా ఓర్చుకున్నాడు.

ఇంట్లో చెప్పడం అంత తేలిగ్గా జరగలేదు. ప్రభాకరన్ మండిపడ్డాడు. ఎవరికీ తెలియని సంగతిని ఊరంతా చాటుకోవడం ఏమిటని, ఫౌండ్రీ పరువు ఏం కావాలని అడిగాడు. ఎవరికీ తెలియదనే ఇన్నాళ్లూ బతికానురా, ఇక చాతకాదు అన్నాడు తండ్రి. చారులత ఏమీ అరవలేదు. దానికే ఆయనకు ఎక్కువ భయం వేసింది. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. మూడో రోజు వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. ఆ పాటను ఎన్ని వేదికల మీద పాడానో, పాడుతూ ఎవడో దుర్మార్గుడిని తలుచుకుని ఎన్నిసార్లు ఒళ్లు మండిందో చెప్పింది. ఆ తిట్లన్నీ తిట్టింది నీ చేతి అన్నం తిన్న నోరే అని ఏడ్చింది.

పాటను ఆల్బంలోంచి తీసెయ్యనని ఆమె తెగేసి చెప్పింది. ఆదివారం కచ్చేరికి అయిదు వందల మంది మిల్లు ఆడపిల్లలు వస్తారు, అందరికీ ఆ పాట నోటికి వచ్చు. వాళ్లకు బెల్లం ఇవ్వడానికి నువ్వు గేటు దగ్గర నిలబడతానంటే నిలబడు, వద్దనను. బెల్లం తిన్నవాళ్లు ఆ పేరు పాడకపోతే నా పాట సగంలో మూగబోతుంది, అయినా సరే. ఇదీ ఆమె మాట. ఆయన సరేనన్నాడు.

ఆదివారం నాలుగు గంటలకు సూలూరు కల్యాణమండపం గేటు పక్కన బాలసుందరం చెప్పులు విడిచి నిలబడ్డాడు. తంగవేలు రెండు గంపల నిండా బెల్లం ముక్కలు కొట్టి పెట్టాడు. లోపలి గుమ్మానికి ఈవల ప్లాస్టిక్ కుర్చీలో పాంచాలి కూర్చుంది. తన ముక్క అరచేతిలో పట్టుకుని ఉంది. ప్రభాకరన్ రాలేదు.

మొదటి వ్యాను దిగిన పిల్లలు ప్రసాదం అనుకుని చేతులు చాపారు. ప్రతి ఒక్కరినీ ఆపి, మొహం చూసి చెప్పాడు. వేపబావి చిన్నయ్యను నేనే, తాళం వేసింది నేను, పేరు దింపుకునేదానికి వచ్చినాను, తీసుకోమ్మా. మొదటి పదిమందికి చెప్పేటప్పుడు చెమటకు చొక్కా తడిసింది. కొందరు నవ్వారు, ముసలాయనకు మతి చలించిందనుకున్నారు. ఒక పిల్ల ఫోను తీసి ఆయన్ను వీడియో తీసింది. ఆయన దానికేసి కూడా అదే మాట చెప్పాడు. ఒకామె ముక్క తీసుకుని కాసేపు చూసి, మా నాయనమ్మ ఉంటే తీసుకోనిచ్చేది కాదని చెప్పి, అయినా నోట్లో వేసుకుంది. ఒకామె దాన్ని అక్కడే నేలమీద పారేసింది. ఆయన వంగి తీసి పక్కన పెట్టి, వెనకనున్న పిల్లకు ఇంకో ముక్క ఇచ్చాడు. చెప్పిన కొద్దీ తేలిక అవుతుందనుకున్నాడు. అవలేదు. ప్రతి మొహమూ కొత్తగానే ఉంది.

చారులత గిటారు పెట్టెతో వచ్చి ఆగింది. "నేనూ పాడినాను గదా తాతా," అని చెయ్యి చాపింది. మనవరాలికి కూడా ఆ మాట మొత్తం చెప్పాడు, ఒక్క ముక్క తగ్గించలేదు. ఆమె నోట్లో వేసుకుని, ఆయన కళ్లలోకి చూడకుండా లోపలికి వెళ్లిపోయింది.

పాటలు మొదలయ్యే వేళకు షిఫ్టు ముగించుకుని సరణ్య వచ్చింది. నీలం రంగు మిల్లు కోటు, దాని మీద ఇంకా నూగు దూది. ఇరవై రెండేళ్లుంటాయి. ఆయన చెప్పింది మొత్తం విని, చెయ్యి మాత్రం చాపలేదు.

"మా అవ్వ కాలు, మా అవ్వ ఇష్టం. నాకు వద్దు. మా మిల్లు హాస్టల్లో ఇంగా గేటుకి తాళం వేస్తుండారు. పిల్లోళ్లు అమ్మానాన్నని చూసేదానికి కూడా బయటికి పోకూడదు. పేరు దింపేస్తే నేను దేన్ని పాడేది? మీరు తీపి ఇచ్చి ఇంటికి పోతారు."

బాలసుందరం చెయ్యి ముక్కతో అలాగే గాల్లో ఉండిపోయింది. ఆ పిల్ల మీద కోపం రాలేదు. నిజానికి అంతసేపట్లో ఆయన తన గురించి కాక ఇంకొకరి గురించి ఆలోచించింది అప్పుడే. ఆ హాస్టల్ గేటు ఆయనకు తెలుసు, దాని ముందు నుంచి ఎన్నోసార్లు కారులో వెళ్లాడు. తాళం ఏనాడూ కంటపడలేదు.

"సరి తల్లీ. పాడు," అన్నాడు.

సరణ్య లోపలికి వెళ్లింది. పాంచాలి తన అరచేతిలోని ముక్క చూసుకుంది. ఒక్క నోరు మిగిలినా ముందుపాట ఆమె తినకూడదు. ఆమె పిడికిలి మూసింది.

పాటలు మొదలయ్యాయి. బాలసుందరం లోపలికి వెళ్లలేదు, గంప పక్కనే నిలబడ్డాడు. ఆలస్యంగా వచ్చిన ఇద్దరు పిల్లలకు చెప్పి ఇచ్చాడు. మిల్లు పాట అయింది, ఏటి పాట అయింది, చెవిటి ముసలాయన పాటకు పిల్లలు ఏడ్చినంత పనిచేశారు. ఐదో పాటకు ఉరుమి మూలిగింది. గిటారు ఆ పేరు దగ్గరికి వచ్చింది. చారులత పాడలేదు. అయిదు వందల మంది ఉన్న హాలు నిశ్శబ్దమైంది. అంతమంది నోళ్లలో తన బెల్లం ఉందని ఆయనకు గుర్తొచ్చి కళ్లలో నీళ్లు తిరిగాయి. గిటారు ఆ చోటు వదలకుండా మళ్లీ మొదటికి వచ్చి, మళ్లీ అక్కడే ఆగింది.

అప్పుడు ఎక్కడో మధ్య వరసలోంచి ఒక్క గొంతు లేచింది. అచ్చం ఆనాటి పాంచాలి గొంతే.

'వేపబావి చిన్నయ్యా...'

"ఉండాను," అన్నాడు బాలసుందరం. గొంతు గుటకలో కలిసిపోయింది.

కుర్చీలోంచి పాంచాలి వెనక్కి తిరిగి చూసింది.

"ఇంగా గట్టిగా చిన్నయ్యా. ఆ పిల్లకి వినపడల్ల."

ఆయన గుమ్మం దాకా వెళ్లి, తలుపు రెక్కలు రెండూ బార్లా తెరిచి, ఊరంతా వినేలా పలికాడు.